వేసవిలో లంక నుంచి కాలువ గట్టు దాకా నడవాలని ఉంది, దారి తెలిసినవారు చెప్పండి

లంకమనవడు
ఏప్రిల్ 20, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా అమ్మ పుట్టిల్లు పి.గన్నవరం మండలంలో, గోదావరి వశిష్ఠ పాయ అవతల ఒక లంక (నదిలో దీవి). పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చేసింది. ఇప్పుడు 74 ఏళ్ళు. వేసవి వచ్చిందంటే ఒకే దారి గురించి మాట్లాడుతుంది. తెల్లవారుజామున తాతగారి చెయ్యి పట్టుకొని బయలుదేరేదట. రేవులో రావిచెట్టు, దానికి కట్టిన పడవ, నీళ్ళు తగ్గిన పాయలో ఇసుక, ఇసుక దాటాక తాటిచెట్ల పుంత (పొలాల నడుమ ఊరందరి దారి), పుంత చివర కాలువ గట్టు. ఎండ ముదరకముందే మేనత్తగారి ఊరు చేరిపోయేవారట. ఎన్నిసార్లు చెప్పినా అవే గుర్తులు, అదే వరుస.

మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఇక నడవలేదు. మే మొదటి వారంలో మా అమ్మాయిని (13 ఏళ్ళు) తీసుకొని ఆ దారిలో నేను నడుద్దామనుకుంటున్నాను. వీలైతే మరో ఉదయం ఆత్రేయపురం వైపు కాలువ గట్టు మీద కూడా. కోనసీమలో ఇప్పటిదాకా నేను తిరిగిందంతా కారులోనే. ఆ పుంతలు ఇంకా ఉన్నాయా? మే నెలలో పిల్లను వెంటబెట్టుకొని నడవవచ్చా? తెలిసినవారు చెప్పండి.


పైరగాలి
ఏప్రిల్ 20, రాత్రి 10.02

తప్పకుండా నడవండి. మాది రాజమహేంద్రవరం. నేను ప్రతి వేసవిలోనూ ఆత్రేయపురం నుంచి లొల్ల లాకుల (కాలువలో పడవలు దాటించే తలుపుల) మీదుగా వాడపల్లి దాకా నడుస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెడితే ఆగుతూ ఆగుతూ వెళ్ళినా ఎండ ఎక్కేలోపు గుడి దగ్గర ఉంటారు. శనివారం మాత్రం వద్దు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళు వేలల్లో వస్తారు, కాలినడకన వచ్చేవాళ్ళు కూడా చాలామంది. భక్తితో నడవదలిస్తే ఆ రోజే వెళ్ళండి, కాలువను చూస్తూ నడవాలంటే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

గిజిగాడు గూళ్ళు కట్టడం మొదలుపెట్టే రోజులు దగ్గరపడుతున్నాయి. నీటి మీదికి వంగిన తాటాకు చివర చూడండి. మీ అమ్మాయికి అది నచ్చుతుంది.


కాలువగట్టు
ఏప్రిల్ 21, ఉదయం 5.50

బాబూ, నేను ముప్పై ఏళ్ళకు పైగా కాలువల మీద లస్కరుగా (తూములు, గట్లు చూసుకొనే మనిషిగా) పనిచేసి విరమించినవాణ్ని. నాకు తెలిసింది చెబుతాను.

నువ్వు వెళ్ళే రోజులకు కాలువలో నీళ్ళుండవు. ఇది ముందే తెలుసుకొని రా, వచ్చాక నిరాశ పడకూడదు. దాళ్వా (రెండో పంట) వరి కోతకు వచ్చాక ఏటా ఏప్రిల్ మధ్యలోనో, కాస్త అటూ ఇటూగానో కాలువలు కట్టేస్తారు. తిరిగి వదిలేది సార్వాకు (తొలి పంటకు), జూన్‌లో. ఈ నడుమ నెలన్నరలోనే పూడిక తీయాలి, తలుపులకు మరమ్మతు చేయాలి, గట్లు బాగుచేయాలి. కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ళ చెరువులు నింపుతాము. ఆ పదిరోజులూ మాకు నిద్ర ఉండేది కాదు. ఒక ఊరి చెరువు నిండలేదంటే నెలన్నర పాటు ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని పక్క ఊరికి నడవాలి. ఆ మాట మనసులో ఉంటే తూము దగ్గర నుంచి కదలబుద్ధి కాదు.

నీళ్ళు లేని కాలువ చూడడానికి బాగుండదని అంటారు. నేను ఒప్పుకోను. నీళ్ళున్నప్పుడు కాలువ పైన మాత్రమే కనిపిస్తుంది. ఎండినప్పుడే అది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. గోదావరిని అడ్డుకొన్నది ఒకే కట్ట కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, వాటి మధ్య లంకలు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర, మన మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర కాలువ బయలుదేరుతుంది. బొబ్బర్లంక నుంచి వచ్చిన నీళ్ళు లొల్లకు చేరాక అక్కడి నుంచి పంపకాలు మొదలవుతాయి. కోనసీమలో ఒక బోదెలో (పొలం పిల్లకాలువలో) నీళ్ళు పారుతున్నాయంటే ఆ పంపకం సరిగా జరిగిందన్నమాట.

లొల్లలో ఆగి లాకు తొట్టిలోకి తొంగిచూడు. రెండు జతల తలుపులు, నడుమ తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసేవాళ్ళం. ముందు తలుపుల్లోని చిన్న తూములు ఎత్తితే తొట్టిలో నీటిమట్టం నెమ్మదిగా అవతలి మట్టానికి వచ్చేది. అప్పుడు తలుపులు తేలిగ్గా తెరుచుకొనేవి. అంతవరకు పదిమంది తోసినా కదలవు. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు అలా వరుసగా దిగేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని పడవను లాగుతూ నడిచేవారు. నువ్వు నడవబోయే గట్టు వాళ్ళు నడిచిన గట్టే.

ఒక జాగ్రత్త. ఒక గట్టు మీద తారురోడ్డు ఉంటుంది, లారీలు తిరుగుతాయి. రెండో గట్టు చాలా చోట్ల మట్టిదారే. పిల్లతో ఆ గట్టు మీదే నడువు.


వేపనీడ
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2.20

నేను వైద్యురాలిని, అమలాపురం దగ్గర పనిచేస్తున్నాను. మీ ఉత్సాహం తగ్గించాలని కాదు, పిల్ల ఉంది కాబట్టి రాస్తున్నాను.

డెల్టా ఎండ వేరు. తెలంగాణలో 42 డిగ్రీలు చూసినవాళ్ళు ఇక్కడ 37 డిగ్రీలే కదా అనుకుంటారు. గాలిలో తేమ ఎక్కువగా ఉండడం వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఆరకపోతే ఎంత కారినా ప్రయోజనం లేదు, ఉప్పూ నీళ్ళూ పోవడమే మిగులుతుంది. మే 4న కర్తరి (ఎండలు ముదిరే రోజులు) మొదలవుతుంది, మీరు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తున్నారు.

ఉదయం ఎనిమిదిన్నరకల్లా నీడకు చేరిపోవాలి. అది గడియారం చూసి పాటించండి, ఓపికను బట్టి కాదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవండి. దాహం వేయకముందే తాగించండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, కాళ్ళు పట్టేయడం, వీటిలో ఏది కనిపించినా నడక ఆపేయాలి. మాట తడబడితే, ఒళ్ళు కాలిపోతూ మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోస్తూ, విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.


కొబ్బరాకు
ఏప్రిల్ 21, రాత్రి 8.40

డాక్టరు గారి మాటలు సరైనవే గాని కొంచెం భయపెట్టినట్టున్నాయి. మాది అంబాజీపేట దగ్గర కొబ్బరితోట. మా దింపు కార్మికులు మే నెలలోనూ చెట్లెక్కుతారు, కాయల పీచు తీసే ఒలుపు కార్మికులు గునపం ముందు పొద్దుటి నుంచి నిలబడతారు. మనిషి అలవాటు పడతాడు.

నడిచేవారికి నా సలహా ఒకటే, వీలైనంతవరకు తోటల్లోంచి వెళ్ళండి. కొబ్బరి నీడ పలచన, అయినా దాని కింద కోకో వేసిన తోటల్లో నీడ చిక్కగా ఉంటుంది. తోటలో అడుగుపెట్టే ముందు ఒక కేక వేయండి, రైతు వద్దనడు. దింపు జరుగుతున్న చోట మాత్రం చెట్టు కింద నిలబడకండి. కాయ ఎక్కడ పడుతుందో పైనున్నవాడికి కూడా తెలియదు.


వేపనీడ
ఏప్రిల్ 21, రాత్రి 9.05

కొబ్బరాకు గారూ, అలవాటు పడడం నిజమే. కానీ దానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రోజూ కొద్దికొద్దిగా ఎండలో పనిచేస్తేనే ఒళ్ళు మారుతుంది. చల్లగదిలో చదువుకొనే పిల్ల రాత్రి రైలు దిగి పొద్దున్నే నడిస్తే ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో మాట. మీ కార్మికులకు ఏమీ కాదనుకోకండి. మే నెలలో మా దగ్గరకు వచ్చే వడదెబ్బ కేసుల్లో ఎక్కువమంది కూలి పనివాళ్ళే. దయచేసి పదకొండు తర్వాత చెట్లెక్కించకండి.


కొబ్బరాకు
ఏప్రిల్ 21, రాత్రి 9.31

అమ్మా, మీరన్నది నిజం. మా దింపు పది గంటలకు ఆపేస్తాం, కానీ ఒలుపు సాయంత్రం దాకా సాగుతోంది. పాకలో నీడ ఉంది కదా అనుకున్నాను. రేపటి నుంచి మధ్యాహ్నం ఆపిస్తాను.


దివిసీమవాసి
ఏప్రిల్ 22, ఉదయం 7.10

మాది కృష్ణా డెల్టా. మీరు పుంత అంటున్నదాన్ని మా వైపు డొంక అంటాము. బండ్లూ పశువులూ మనుషులూ వెళ్ళడానికి పొలాల నడుమ ఊరందరికీ వదిలిన దారి. లంకమనవడు గారి ప్రశ్న చదివాక నాకు గుబులు కలిగింది. మా ఊళ్ళో మూడు డొంకలుండేవి. ఒకటి రోడ్డయింది, మంచిదే. రెండోదాన్ని రెండు పక్కల చేపల చెరువులు తినేశాయి. మూడోది రెవెన్యూ పటంలో ఉంది, నేల మీద లేదు. ఎవరూ దొంగతనంగా లాక్కోలేదు. నడిచేవాళ్ళు తగ్గారు, ఏటా ఒక చాలు లోపలికి దున్నారు, ఇరవై ఏళ్ళకు దారి గట్టయింది. మీ వైపు ఎలా ఉందో చెప్పండి.


కొబ్బరాకు
ఏప్రిల్ 22, ఉదయం 7.45

మా వైపూ అదే కథ, కారణం మాత్రం ఇంకొకటి కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు తోటలు నేలకూలాయి. మా పుంతలో అడ్డంగా పడిన చెట్లు తీయించడానికే నెలలు పట్టింది. ఈలోగా జనం వేరే దారుల్లో తిరగడం నేర్చుకున్నారు. పుంతకు రెండు వైపులా ఉండే తాటిచెట్లు, కానుగలు మళ్ళీ ఎవరూ వేయలేదు. నీడ లేని దారిలో వేసవిలో ఎవరు నడుస్తారు? నడవని దారి ఎన్నాళ్ళుంటుంది? మా తోట పక్క పుంతలో నేను మిగిల్చింది తొమ్మిది తాటిచెట్లు. వాటిని నరికించనని మా నాన్నగారికి మాటిచ్చాను.


ఇసుకతిన్నె
ఏప్రిల్ 22, రాత్రి 8.15

లంకమనవడు గారూ, నేను ఆ లంకల్లోనే ఉపాధ్యాయురాలిని. మీరు ఊరి పేరు రాయకపోయినా మీ అమ్మగారి గుర్తులను బట్టి పోల్చుకున్నాను. గంటిపెదపూడి దగ్గర బూరుగులంక రేవు అయి ఉండాలి. ఆ రేవు దాటితే ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక. ఆ నాలుగు ఊళ్ళకూ అదే దారి.

వేసవిలో పాయలో నీళ్ళు తగ్గాక మట్టితో తాత్కాలికంగా గట్టు వేస్తారు. దాని మీద ఆటోలు కూడా వస్తాయి. జులైలో ఎర్రనీరు (వరద నీరు) వస్తే గట్టు కొట్టుకుపోతుంది, మళ్ళీ పడవలే. మా పిల్లలు వానాకాలం అంతా పడవ మీదే హైస్కూలుకు వెళ్ళి వస్తారు. వంతెన పనులు సాగుతున్నాయి. అది పూర్తయితే మా బతుకులు మారతాయి, దాని కోసం రోజులు లెక్కపెడుతున్నాము.

నడకకు వస్తే, గట్టు దిగి ఇసుకలో నడవాలనుకుంటే ఏడు గంటలలోపే. తర్వాత ఇసుక కాళ్ళు కాలుస్తుంది. చెప్పులు కాదు, మడమ మూసే బూట్లు వేయండి. మడుగుల్లో పిల్లను దిగనివ్వకండి. మోకాటి లోతు కనిపిస్తుంది, పక్క అడుగులోనే ఇసుక తవ్విన గొయ్యి ఉంటుంది. గతంలో నది లోతు పెద్దవాళ్ళకు తెలిసేది, ఇప్పుడు ఏడాదికి ఒకలా మారుతోంది, మాకే తెలియడం లేదు.

లంకలో ఇప్పుడు దొండ, బీర పాదులు, కంద, అరటి. ఒండ్రు నేల కాబట్టి ఏది వేసినా వస్తుంది. వరద వచ్చి అంతా తీసుకుపోతుంది, మళ్ళీ అంత ఒండ్రూ ఇచ్చిపోతుంది. మీరు వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయండి, రేవులో కలుస్తాను. రావిచెట్టు ఉంది. అమ్మగారికి చెప్పండి.


లంకమనవడు
ఏప్రిల్ 22, రాత్రి 10.50

ఇసుకతిన్నె గారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. "రావిచెట్టు ఉంది" దగ్గర ఆపించి మళ్ళీ చదవమంది. బూరుగులంక రేవే, మీరు సరిగ్గా పోల్చుకున్నారు. ఆ చెట్టు మొదట్లో తాడు ఒరిసి పడిన గాడి ఉంటుందట, చూసి రమ్మంది.

అందరి మాటా విన్నాను. రెండు ఉదయాలు నడుస్తాం, ఎనిమిదిన్నరకు ఆపేస్తాం. ముందు రోజంతా విశ్రాంతి. మధ్యాహ్నాలు ఇల్లు కదలం.


లంకమనవడు
మే 9, రాత్రి 9.00

వెళ్ళి వచ్చాం. ఇద్దరం క్షేమం. మాట ఇచ్చినట్టు రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదటి ఉదయం ఆత్రేయపురంలో నాలుగు నలభైకి బయలుదేరాం. ఇంకా చీకటే. ఒక పెరట్లో మంట వెలుగు కనిపించి అమ్మాయి ఆగింది. అక్కడ ఒక పెద్దావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తోంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యపు పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగింది. గుడ్డ దాటిన చోటల్లా తెల్లటి పొర, కళ్ళు మూసి తెరిచేలోపు అంచు పైకి లేచింది. వేళ్ళతో ఎత్తి పక్కన పేర్చింది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ పొర. మేము ఉన్నంతసేపూ ఆవిడ చేయి ఒక్కసారి కూడా తడుముకోలేదు. "ఇంత పొద్దున్నే ఎందుకు అమ్మమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. "ఎండెక్కాక పొయ్యి దగ్గర కూర్చోగలనా తల్లీ" అంది. డాక్టరు గారూ, మీ లెక్క ఆవిడకు మీకంటే ముందే తెలుసు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గుర్తింపు వెనక తెల్లవారుజామున మంట ముందు కాలే చేతులున్నాయని నేను మొన్నటిదాకా ఆలోచించలేదు.

అక్కడి నుంచి మట్టి గట్టు. కాలువగట్టు గారు చెప్పినట్టే కాలువ ఎండిపోయి ఉంది. అడుగున మట్టి పలకలు పలకలుగా పగిలి, అంచులు పైకి చుట్టుకొని, అప్పడాల్లా ఉన్నాయి. లోతైన చోట్ల మడుగులు మిగిలాయి. ఒక మడుగులో నలుగురు కుర్రవాళ్ళు బురదలో చేతులు పెట్టి మట్టగిడసలు పడుతున్నారు. ఒకడు పట్టిన చేపను మా అమ్మాయి చేతిలో పెట్టాడు. జారిపోయింది. వాడు మళ్ళీ పట్టి, మొప్పల దగ్గర ఎలా పట్టుకోవాలో చూపించాడు. కొంగలు మనుషుల పక్కనే, భయం లేకుండా నిలబడి తమ వంతు తాము తింటున్నాయి. గిజిగాడి గూడు ఒక్కటే కనిపించింది, సగం అల్లి ఉంది.

లొల్ల చేరేసరికి ఆరున్నర. లాకు తొట్టిలోకి తొంగిచూశాం. రాతి అంచుల మీద తాళ్ళు రాసుకొని పడిన చారలున్నాయి. నీళ్ళున్నప్పుడు గతంలో రెండుసార్లు ఇక్కడికి వచ్చాను, అందరిలాగే ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయాను. ఈసారి గోడల లోతు చూశాక, కాలువగట్టు గారూ, మీరన్న పంపకం అర్థమైంది. మా అమ్మాయి తూముల లెక్క రాసుకుంది.

వాడపల్లి దాకా వెళ్ళలేదు. ఏడున్నరకే గాలి స్తంభించింది, అమ్మాయి ముఖం ఎర్రబడింది. లొల్లలోనే ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆ ఇల్లాలు అడగకుండానే మజ్జిగ ఇచ్చి, ముంజలు కొట్టించి తెచ్చింది. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంది.


కాలువగట్టు
మే 10, ఉదయం 5.30

బాబూ, వాడపల్లి వెళ్ళకుండా ఆగడం మంచి పని. పిల్ల తూములు లెక్కపెట్టిందంటే చాలా సంతోషం. ఎన్ని వచ్చాయో అడిగి రాయి. నా లెక్కతో సరిపోతుందో లేదో చూస్తాను.


లంకమనవడు
మే 10, రాత్రి 8.30

కాలువగట్టు గారూ, అమ్మాయి పుస్తకం బడి సంచిలో ఉంది, రేపు చూసి రాస్తాను. ఇప్పుడు రెండో ఉదయం.

ఇసుకతిన్నె గారు ఐదు గంటలకే రేవులో ఉన్నారు. వారి భర్త కూడా వచ్చారు. చేతిలో కర్ర, టార్చిలైటు. పుంతల్లో తెల్లవారుజామున పాములు తిరుగుతాయని, కర్రతో నేల తడుతూ ముందు నడిచారు. గట్టు దిగి ఇసుకలోకి వెళ్ళాం. రాత్రి చల్లదనం ఇంకా ఇసుకలో ఉంది. అమ్మకు వీడియో ఫోను చేశాను. మొదట చీకటిగా ఉంది, ఏమీ కనిపించడం లేదంది. కాస్త వెలుతురు రాగానే "ఎడమ పక్కకు తిప్పు, ఇంకా, ఇంకా" అంది. రావిచెట్టు తెరలోకి వచ్చింది.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మొదట్లో చూడు" అంది. గాడి ఉంది. నేల నుంచి మోకాటి ఎత్తులో, బొటనవేలు పట్టేంత లోతు, చెట్టు చుట్టూ సగం దాకా. బెరడు దాని అంచుల మీదికి పెరిగి నున్నగా తయారైంది. మా అమ్మాయి అందులో వేలు పెట్టి చివరిదాకా జరిపింది. "నేనూ అలాగే జరిపేదాన్ని" అంది అమ్మ.

లంకలో ఒక ఇంటి గోడ మీద రెండు గీతలున్నాయి. పైది 1986 ఆగస్టు వరద, మా అందరి తలల కంటే ఎత్తు. కిందిది 2022 జులై. ఆ ఇంటి పెద్దాయన రెండింటికీ తానే సున్నం పెట్టాడు. 1986లో కుటుంబం అంతా డాబా మీద ఉన్నారట, గేదెలను మాత్రం కాపాడుకోలేకపోయారట. మళ్ళీ ఇక్కడే ఎందుకు ఉన్నారని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన వెనక బీర పాదు నిండా పసుపు పూలు, దొండ పందిరి, నల్లటి మెత్తటి నేల. అడగలేదు.

దివిసీమవాసి గారూ, మీ ప్రశ్నకు జవాబు. అమ్మ చెప్పిన తాటిచెట్ల పుంత సగం ఉంది. మొదటి సగం సిమెంటు రోడ్డయింది, ఆటోలు తిరుగుతున్నాయి. దానికి నేను బాధపడలేదు. ప్రసవానికి మనిషిని మంచం మీద మోసుకెళ్ళిన రోజులు అమ్మ కూడా చెప్పింది. రెండో సగం ముళ్ళకంపలతో మూసుకుపోయింది. ఇసుకతిన్నె గారి భర్త కత్తితో కొట్టుకుంటూ వంద గజాలు దారి చేశారు, ఆ తర్వాత పొలం గట్టు పట్టాం. తాటిచెట్లు నాలుగే మిగిలాయి. అమ్మ పదకొండు అని చెప్పేది.

చివర ఆటోలో లంకల గన్నవరం వెళ్ళి అక్విడక్టు చూశాం. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను అవతలి ఒడ్డుకు దాటించడానికి 1850లలో కట్టిన పాత వంతెన, 49 ఖానాలు (కమానులు). దాని పని ఇప్పుడు పక్కన కట్టిన కొత్త అక్విడక్టు చేస్తోంది, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఈ ఊళ్ళోనే వచ్చినవారందరికీ వేళ కాని వేళల్లో కూడా అన్నం పెట్టింది. నది దాటి అలసిపోయి వచ్చేవాళ్ళే ఎక్కువట. రెండు ఉదయాలు నడిచాక, మజ్జిగ ఇచ్చిన లొల్ల ఇల్లాలు గుర్తొచ్చాక, సీతమ్మ గారు చేసింది ఎంత పెద్ద పనో నాకు తెలిసింది. కారులో వచ్చేవాడికి ఆకలి వేళ తెలియదు, నడిచి వచ్చినవాడికి తెలుస్తుంది.


దివిసీమవాసి
మే 11, ఉదయం 6.40

వంద గజాలు కొట్టారు కదా, అది చాలా పెద్ద మాట. వచ్చే వేసవికి మళ్ళీ మూసుకుపోతుంది. ఊళ్ళో ఎవరైనా పశువులను ఆ దారిన తోలితే నిలుస్తుంది. పంచాయతీలో పుంత సర్వే నంబరు అడిగి తీసుకోండి. కాగితం చేతిలో ఉంటే తర్వాత మాట్లాడవచ్చు. మా ఊళ్ళో మేము ఆ పని చేయలేదు.


ఇసుకతిన్నె
మే 11, రాత్రి 7.55

నేను అడుగుతాను. బడి తెరిచాక పిల్లలతో ఆ పుంతలో తాటి టెంకలు పాతిద్దామనుకుంటున్నాను. తాటిచెట్టు ఎదగడానికి చాలా ఏళ్ళు పడుతుంది, అందుకే ఆలస్యం చేయకూడదు. కొబ్బరాకు గారూ, మీ తొమ్మిది చెట్ల పండ్లు రాలినప్పుడు టెంకలు దాచగలరా?


కొబ్బరాకు
మే 11, రాత్రి 8.10

శ్రావణ భాద్రపదాల్లో పండ్లు రాలుతాయి. రెండు గోనెసంచులు నేనే తెచ్చి ఇస్తాను. రేవు దాటించడానికి పడవ మీరు చూడండి.


లంకమనవడు
మే 12, ఉదయం 7.00

కాలువగట్టు గారూ, మా అమ్మాయి లెక్క పద్నాలుగు. చిన్నవీ పెద్దవీ కలిపి రాసుకుంది.


కాలువగట్టు
మే 12, సాయంత్రం 5.15

పాపకు చెప్పు, గట్టు మలుపులో రావి వెనక ఒకటి ఉంది, అది కనిపించి ఉండదు. చాలామంది పెద్దవాళ్ళు కూడా దాన్ని వదిలేస్తారు. వచ్చే ఏడాది వస్తే నేనే చూపిస్తాను.


ఇసుకతిన్నె
జులై 17, ఉదయం 6.20

లంకమనవడు గారూ, పాత చర్చను మళ్ళీ పైకి తెస్తున్నాను. మూడు రోజులుగా ఎర్రనీరు పెరుగుతోంది. రాత్రి రెండు గంటలకు రేవులో మట్టి గట్టు తెగింది. మీరు నడిచిన ఇసుక మీద ఇప్పుడు రెండు నిలువుల నీళ్ళున్నాయి. తెల్లవారగానే పడవ దించారు, మా పిల్లలు మొదటి విడతలో వెళ్ళిపోయారు.

అమ్మగారికి చెప్పండి, పడవ తాడు రావిచెట్టు మొదట్లో, ఆ గాడిలోనే కట్టారు.